నలభై ఎనిమిది దగ్గర

ఒక్క వెంట్రుకవాసి ఎడమకి. కాదు, అంత కూడా అక్కర్లేదు, ఊపిరి బిగబట్టి గోటితో తాకితే చాలు. ఇదిగో కుడి కొస లేస్తోంది, లేచి ఆగింది, మళ్ళీ దిగుతోంది, ఈ గాలి ఒకటి నా ప్రాణానికి, కిటికీ ఎవరు తెరిచారో గాని వంటశాలలో మాడుతున్న పోషో, ఆ మొక్కజొన్న ముద్ద వాసనంతా మోసుకొచ్చి నా మీటరు స్కేలు మీద గుమ్మరిస్తోంది. కత్తి అంచులా చెక్కిన చిన్న దిమ్మ మీద స్కేలు అటూ ఇటూ ఒరగకుండా నిలవాలి. ప్రశ్నపత్రంలో మొదటి పని అదే, ఏ అంకె దగ్గర నిలిచిందో ఆ అంకె రాయడం. దాని పేరు జి, గురుత్వ కేంద్రం, స్కేలు బరువంతా ఒకేచోట పోగుపడిందనుకుంటే ఆ చోటు. చెయ్యెత్తాను. ఇన్విజిలేటర్ అజిలో మేడమ్ సొరోటిలో వేరే బడి నుంచి వచ్చారు, మమ్మల్ని ఎరగరు, మాలో ఎవరు తెలివిగలవాళ్ళో ఎవరు కారో ఎరగరు, అందుకే అందరివైపూ ఒకేలాంటి అనుమానంతో చూస్తారు. "ఏం కావాలి?" అన్నారు. "కిటికీ వెయ్యాలి మేడమ్, గాలికి స్కేలు ఊగుతోంది." మిగతా ఐదు టేబుళ్ళ వైపూ ఓసారి చూశారు. అక్కడ ఎవరి స్కేలూ ఊగడం లేదు. అయినా వెళ్ళి కిటికీ వేసి వచ్చారు.

ఊగవు మరి, బల్ల మీద పడుకోబెట్టిన స్కేలు ఏ గాలికి ఊగుతుంది. ఆ ఐదుగురు మగపిల్లలూ స్కేలుని దిమ్మ మీదికి ఎక్కించనే లేదు. పక్క టేబుల్ దగ్గర ఎమూరియా చేతులు కట్టుకుని పైకప్పు రేకుల వైపు చూస్తూ పెదాలు కదుపుతున్నాడు, అంటే వంట మొదలైందన్నమాట. మా బడిలో దాన్ని వండటం అనే అంటాం. జవాబు ముందే అనుకుని, అక్కణ్ణుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చి కొలతలు పుట్టించడం, అనుమానం రాకుండా మధ్యలో ఒకటి రెండు చిన్న తప్పులు చల్లడం. ఎమూరియా అందులో మొనగాడు. వాడి గ్రాఫులో చుక్కలన్నీ పొద్దున ప్రార్థనకి నిలబడ్డ చిన్న తరగతి పిల్లల్లా బుద్ధిగా వరసలో ఉంటాయి. వాడంటే నాకు కోపమేమీ లేదు, లెక్కలు బాగా వచ్చు కాబట్టే అంత బాగా వండగలడు. ఓసారి నా చుక్కలు చూసి పగలబడి నవ్వాడు. "ఇంట్లో అట్టాప్ కలిపితే ఉండలు కడుతుందట, ఇక్కడ మాత్రం నీకు వంటేం వస్తుందిలే స్కోవియా." ఇంటి సంగతి వాడికెవరు చెప్పారో గాని నిజమే, నేను కలిపిన జొన్నముద్ద మా కుక్క కూడా ఆలోచించి తింటుంది. కాని ఇక్కడ వండకపోవడం చేతకాక కాదు, చులకన. ఉన్న స్కేలుని చూడకుండా లేని స్కేలు గురించి రాయడం నాకు చిన్నతనంగా ఉంటుంది.

చిన్నతనం అనుకున్నదాన్ని ఈ పూట మాత్రం ఎందుకు చేశాను? రఫ్ కాగితం మీద పైన నా చేత్తోనే రాసి ఉంది, జి యాభై అని. మా ఫిజిక్స్ మాస్టారు ఓజులొంగ్ సార్ మాట. నిన్న సాయంత్రం ల్యాబ్ తలుపు దగ్గర మా ఆరుగురినీ నిలబెట్టి, చొక్కా చేతులు మడుచుకుంటూ, అలసిపోయిన గొంతుతో చెప్పారు. "వినండి. రేపు స్కేలు గనక వస్తే, అది ఎటు ఒరిగితే అటు ఒరగనివ్వండి, దాంతో మీకు పని లేదు. జి అంటే యాభై. పుస్తకంలో యాభై, నా రిపోర్టులో యాభై, మీ పేపర్లో యాభై. తేడా వచ్చిందంటే పోయేది మీ మార్కులే, నావి కావు." ఒక్కో బడిలో సామాన్లు ఒక్కో రకంగా ఉంటాయని, పరీక్షకి ముందు ఆ బడి మాస్టారే ఆ ప్రయోగం చేసి తన కొలతలు కవర్లో పెట్టి పంపాలి, పేపర్లు దిద్దేవాళ్ళు ఆ కొలతలు పక్కన పెట్టుకుని మావి చూస్తారు. పొద్దున సార్ ఆ పని చేసేశారు. చేసింది కంపాలా నుంచి వచ్చిన కొత్త పసుపు స్కేలుతో, అది ఒకటో టేబుల్ మీద ఉంది. మిగతావన్నీ మా బడి వడ్రంగి కోసి గీతలు పెట్టినవి. నాలుగో టేబుల్ మీది నాదానికైతే సున్నా వైపు కొసకి రేకు తొడుగు ఉంది.

ఆ రేకు సంగతి నాకు తెలియనిదా. నేను సీనియర్ టూలో ఉన్నప్పుడు భ్రామకాల పాఠం చెబుతూ సార్ ఇదే స్కేలుతో బల్ల మీద ఒక్కటిచ్చారు, కొస నిలువునా చీలింది. అప్పట్లో సార్‌కి ఆ ఊపు ఉండేది. ఎడమ పక్క తిప్పే బలమెంతో కుడి పక్క తిప్పే బలం అంతే ఉంటే ఏ వస్తువైనా కదలకుండా నిలుస్తుంది, దూరంగా కూర్చున్న బక్కవాడు దగ్గర కూర్చున్న లావుపాటివాణ్ణి లేపగలడు అని చెబుతూ, మా నవ్వులు చూసి తనూ నవ్వుతూ కొట్టారు. మర్నాటికి వడ్రంగి పొద్దుతిరుగుడు నూనె డబ్బా రేకు చుట్టి మేకులు దిగ్గొట్టాడు, ఇప్పటికీ దాని మీద సగం పువ్వు పచ్చగా కనిపిస్తుంది. రేకుకి బరువుండదా, మేకులకి బరువుండదా? ఒక చివర బరువెక్కితే గురుత్వ కేంద్రం ఆ చివరికేసి జరగక ఏం చేస్తుంది? కిటికీ మూశాక స్కేలు చక్కగా నిలిచింది, నలభై ఎనిమిది దగ్గర. నిలిచినదాన్ని చూస్తూ యాభై అని రాశాను. నా చెయ్యి నాది కానట్టు అనిపించింది.

ఈ పేపర్లో ఎ గ్రేడు రావాలి. రాకపోతే మకెరెరె యూనివర్సిటీలో ఇంజనీరింగు ప్రభుత్వ సీటు రాదు, అది రాకపోతే ఇంకో దారి లేదు, బాబాయ్ సిద్ధం చేసి పెట్టిన నర్సు ట్రైనింగే. నర్సులంటే నాకు గౌరవమే, కాని నాకు వంతెనలు కావాలి. ఆవాజా వాగు మీద ప్రతి వానాకాలం కొట్టుకుపోయే ఆ దుంగల వంతెన మీద నుంచి బడికొచ్చినదాన్ని, ఏ దుంగ మీద ఎక్కడ అడుగేస్తే అవతలి కొస లేస్తుందో కాళ్ళకి తెలుసు, ఎందుకు లేస్తుందో తలకి తెలిసిన రోజు ఆ వాగు ఒడ్డునే కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. బాబాయ్ అన్నాడు కదా, అందరూ వింటుండగా, "ఆడపిల్లకి ఇంత పొడుగు చాలదన్నట్టు ఫిజిక్స్ కూడానా? కళ్ళు నెత్తికెక్కాయి దీనికి. రేపు కసావా దుంపలు తవ్వేటప్పుడు గడ్డపారకి లెక్కలు చెబుతుందా?" అమ్మ వేరుసెనగలు దంచుతూనే, తలెత్తకుండా, "చెబుతుంది. నీ గడ్డపార వింటుందో లేదో చూసుకో" అంది. రోకటి దెబ్బ ఒక్కటి కూడా తప్పలేదు. అమ్మ ఆ రోజు ఎంత అందంగా ఉందో.

వంద గ్రాముల బరువు దారానికి కట్టి ఐదు దగ్గర వేలాడదీశాను. స్కేలు కొంచెం కొంచెం జరుపుతూ, వేళ్ళు వణక్కుండా, ఇప్పుడు నిలిచేది ఇరవై ఎనిమిది దగ్గర. ఎడమ పక్క వంద, దూరం ఇరవై మూడు. కుడి పక్క స్కేలు సొంత బరువు, దూరం యాభైలోంచి ఇరవై ఎనిమిది తీస్తే ఇరవై రెండు. స్కేలు బరువు నూట నాలుగున్నర గ్రాములు. సరే. బరువుని పది దగ్గరికి జరిపాను, స్కేలు ముప్పై దాటి మూడు గీతల దగ్గర నిలిచింది, ఇప్పుడు స్కేలు బరువు నూట మూడు. పదిహేను దగ్గరికి జరిపితే నూట రెండు చిల్లర. ఇరవై దగ్గరికి జరిపితే సరిగ్గా వంద. ఆగాను. మళ్ళీ పైనుంచి చూశాను. నూట నాలుగున్నర, నూట మూడు, నూట రెండు, వంద. స్కేలు చిక్కిపోతోంది. బరువు జరిపిన ప్రతిసారీ కాస్త కాస్త ఒళ్ళు తగ్గి, వానలు రాని ఏడు మా తాత ఎద్దు పక్కటెముకలు బయటపడ్డట్టు నా కళ్ళముందే ఎండిపోతోంది. నవ్వొచ్చింది, నవ్వు ఆపుకుంటే ముక్కులోంచి వచ్చింది, అజిలో మేడమ్ తల ఇటు తిరిగింది. కర్రముక్క చిక్కిపోదు మేడమ్. అది కొయ్య. ఎవరో దాని గురించి అబద్ధం చెప్పారు, అందుకని అది అడుగడుగునా మొత్తుకుంటోంది.

సైకిల్ కూడా అలాగే మొత్తుకుంది ఆ రోజు. సంతకి కసావా మూటలు. అమ్మ హ్యాండిల్ పట్టుకుని తోస్తుంటే వెనక నేను ఆనుకుని నడుస్తున్నాను, మూటలన్నీ వెనక కడ్డీకే కట్టారు, గట్టు ఎక్కేచోట ముందు చక్రం గాల్లోకి లేచిపోయింది, అమ్మ హ్యాండిల్‌కి వేలాడుతూ తిడుతోంది, సైకిల్ని, దాన్ని చేసినవాణ్ణి, కసావాని, నన్ను. మూటలు విప్పించి రెండింటిని మధ్య కమ్మీ దగ్గరికి, కిందికి, వీలైనంత కిందికి దించి కట్టించాను. "అలా కడితే నడవడానికి కాళ్ళకి అడ్డమే పిచ్చిదానా" అంది. కాళ్ళకి అడ్డమొస్తే దూరంగా నడుద్దాం, చక్రం మాత్రం లేవదు అన్నాను. లేవలేదు. సంతలో అమ్మ ఆ మాట ఎంతమందికి చెప్పిందో, ఉల్లిపాయలమ్మే ఆమెకి, మాంసం కొట్టేవాడికి, ఎవరో తెలియని పోలీసాయనకి, "మా పెద్దది చెబితే సైకిల్ కూడా వింటుంది" అని. నేను సిగ్గుపడ్డట్టు తల దించుకున్నాను గాని, లోపల్లోపల ఇంకో ఇద్దరికి చెప్పు అమ్మా అనుకున్నాను.

లెక్కలన్నీ మా వాకిట్లో చేశాను. అమ్మ తెల్లవారే ఊడ్చిన వాకిలి, ఒక్క ఆకు లేకుండా నున్నగా ఉంటుంది, పుల్లతో గీస్తే గీత ఎంత సన్నగా పడుతుందో. గోడకి ఆనించిన నిచ్చెన, నిచ్చెన మీద మనిషి, ఎంత ఎత్తుకెక్కితే జారుతుంది. బల్లచెక్క అంచు బయటికి ఎంతదాకా తోస్తే పడుతుంది. చుట్టుపక్కలవాళ్ళు అటు వెళుతూ నా గీతల్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు, అవేవో మందులో మంత్రాలో అన్నట్టు. సబ్బు పెట్టె అట్టని ఎల్ అక్షరంలా కత్తిరించి మేకుకి వేలాడదీసి, రాయి కట్టిన దారం పక్కనే వదిలి గీత గీసి, ఇంకో మూల నుంచి వేలాడదీసి ఇంకో గీత గీస్తే, ఆ రెండు గీతలూ కలిసే చోటు అట్ట మీద లేదు. అట్ట బయట, ఖాళీలో ఉంది. నిద్రపట్టలేదు ఆ రాత్రి. ఒక వస్తువు బరువంతా ఆ వస్తువు లేని చోట ఉండటమేమిటి? మర్నాడు తాత స్నేహితులు అజోన్ కల్లు తాగడానికి వచ్చి, కుండ చుట్టూ గుండ్రంగా పీటలేసుకుని, ఎవరి పొడుగాటి గొట్టం వాళ్ళు కుండలో దించి కూర్చుంటే అప్పుడు చూశాను. ఇంతమంది ముసలివాళ్ళ మొత్తం బరువూ ఎవరి ఒంట్లోనూ లేదు, నడిమధ్య ఆ కుండ దగ్గర ఉంది. తాతకి చెప్పాను. గొట్టం నోట్లోంచి తియ్యకుండా కాసేపు ఆలోచించి, "అందుకేనేమో లేచి వెళ్ళబుద్ధి కాదు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కాని నా మాట తాత కొట్టిపారెయ్యలేదు, ఆలోచించాడు. ఆ తరవాత పదిరోజులు నేను నేలమీద నడిచానా అని అనుమానం.

యాభై తీసేశాను. ఒక్క గీత, కింద అంకె కనిపించేలా, సార్ నేర్పినట్టే. నలభై ఎనిమిది. మళ్ళీ మొదటి వరస, కుడి పక్క దూరం ఇరవై రెండు కాదు, ఇరవై. ఇరవై మూడు వందలని ఇరవైతో భాగిస్తే నూట పదిహేను. రెండో వరస నూట పద్నాలుగు చిల్లర. మూడోది నూట పదిహేనున్నర దాటింది. నాలుగోది నూట పదిహేను మీద కొంచెం. చిక్కిపోవడం ఆగిపోయింది. నాలుగు చోట్ల నుంచి అడిగితే నాలుగు సార్లూ ఒకే మనిషిలా ఒకే మాట చెప్పింది, చిన్న చిన్న తడబాట్లతో, నిజం చెప్పేవాళ్ళు తడబడ్డట్టే. ఒళ్ళంతా వెచ్చబడింది. ఎవరికైనా చెప్పాలి, ఎవరికి చెబుతాను, మాట్లాడకూడదు. వేలాడే బరువు తీసేసి, స్కేలుని ఎత్తి కొసలు తారుమారు చేసి, రేకు కుడి పక్కకి వచ్చేలా తిప్పి దిమ్మ మీద పెట్టాను. తప్పు దిమ్మదో బల్లదో అయితే తిప్పినప్పుడు అంకె మారుతుంది, తప్పు కొయ్యదే అయితే మారదు. ఇది కూడా సార్ చెప్పిందే, ఆ ఊపున్న రోజుల్లో, "నమ్మకపోతే ఎదురు తిప్పి అడుగు" అని. తిప్పి అడిగాను. నలభై ఎనిమిది.

కాని సార్ కవర్లో యాభై ఉంది. దిద్దేవాళ్ళెక్కడో కంపాలాలో కూర్చుని, ఈ బడిలో అందరికీ యాభై, మాస్టారుకీ యాభై, ఈ అమ్మాయికి మాత్రం కళ్ళు కనపడలేదు అనుకుంటారు. సున్నా పెడతారు. ఎ పోతుంది, సీటు పోతుంది, వంతెనలు పోతాయి. యాభై అనే రాస్తే? బరువులు చిక్కిపోయే ఆ వరసని కాస్త సర్దితే చాలు, ఎమూరియా అయితే కళ్ళు మూసుకుని సర్దుతాడు, నాకూ వచ్చు, గట్టిగా అనుకుంటే నిమిషంలో పని. కలం పట్టుకున్నాను. పట్టుకునే ఉన్నాను. ఇంజనీరునై రేపు వంతెన కట్టి, దాని బరువు ఎక్కడుందో పుస్తకంలో చూసి రాస్తానా? చెయ్యి పైకి వెళ్ళింది. నేను ఎత్తాననుకోను, దానంతటదే వెళ్ళింది.

"మళ్ళీ ఏంటి?"

"మేడమ్, నా స్కేలు జి యాభై దగ్గర లేదు. నలభై ఎనిమిది దగ్గర ఉంది. సార్ రిపోర్టులో ఆ మాట రాయించాలి."

గదిలో కలాల చప్పుడు ఆగిపోయింది. ఎమూరియా పెదాలు కూడా ఆగాయి. మేడమ్ కళ్ళజోడు సర్దుకుని వంగారు, నేను చేతులు వెనక్కి తీసుకున్నాను, స్కేలు నిలిచింది, తిప్పాను, నిలిచింది. ఆవిడ వరండా వైపు వెళ్ళి ఓజులొంగ్ సార్‌ని పిలిచారు. సార్ వచ్చి నా ముఖం చూడకుండా స్కేలు చూశారు. "నా రిపోర్టులో యాభై ఉంది మేడమ్" అన్నారు. "మీరు కొలిచిన స్కేలుకి యాభై ఉండొచ్చు సార్. ఈ అమ్మాయి కొలిచింది దీన్ని." సార్ గొంతు తగ్గించి నాతో, "స్కోవియా, ఇంతటితో వదిలెయ్. ఇవన్నీ వినే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు" అన్నారు. కోపంగా అనలేదు, అదే కష్టం, కోపంగా అంటే తేలిక. "మీరే ఓసారి ఎదురు తిప్పి చూడండి సార్" అన్నాను.

చూశారు. మొదట విసుగ్గా స్కేలు అందుకున్నారు గాని, దిమ్మ మీద పెట్టేసరికి ఆ వేళ్ళు వేరే మనిషివైపోయాయి, ఎంత నెమ్మది, ఎంత నేర్పు, నాకు ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది, సార్‌కి అక్కర్లేదు. నిలబెట్టారు. తిప్పారు. నిలబెట్టారు. అక్కర్లేకపోయినా మూడోసారి తిప్పారు, నాకు తెలుసు ఎందుకో, అలా నిలబడుతుంటే చూడటం బావుంటుంది. తరవాత మేడమ్ వైపు చెయ్యి చాచారు. "ఆ కవరు ఇవ్వండి. ఇంకా అంటించలేదుగా." నాలుగో టేబుల్, నలభై ఎనిమిది అని రాసి, కింద సంతకం పెట్టి, చదివి చూసుకున్నారు. "మిగతావి?" అని మేడమ్ అడిగారు. "మిగతావి కూడా నేనే తప్పు చెప్పానేమో మేడమ్. ఒక్కొక్కటీ చూడాలి" అన్నారు, అందరికీ వినపడేలా. అంతే, ఐదు టేబుళ్ళ దగ్గరా దిమ్మలు వెతుక్కోవడం, స్కేళ్ళు జారి పడటం, ఎమూరియా స్కేలు ఏకంగా నేలమీదే పడింది. వాడు వంగి తీసుకుంటూ నా వైపు చూశాడు, తిట్టబోయి ఆగి, తల అడ్డంగా ఊపాడు. నాకు వాడి మీద జాలి కలగాలి, కలగలేదు, చాలా బావుంది.

మార్కు ఎంతొస్తుందో తెలియదు. దిద్దేవాళ్ళు ఆ వాక్యం చదువుతారో చదవరో తెలియదు. ఇప్పుడు తెలిసింది ఒక్కటే, అది మాత్రం గట్టిగా తెలుసు, సిరాతో అసలు కాగితం మీద రాస్తున్నాను. పుస్తకం రాసినాయన ఈ స్కేలుని చూడలేదు, కంపాలా వాళ్ళు చూడలేదు, చేసిన వడ్రంగి తూచలేదు. ఇంతవరకు ఈ లోకంలో ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఈ పూట నాకు తెలిసింది, నేనే కనుక్కున్నాను, కావాలంటే ఎవరైనా వచ్చి ఎదురు తిప్పి అడగొచ్చు. రేకుతో, మేకులతో, సగం పువ్వుతో కలిపి ఈ కర్ర బరువు నూట పదిహేను గ్రాములు. చెబుతున్నది స్కోవియా అకురుట్.